అలారం పెట్టేముందు ఇంటి నడక రాసుకోండి



సంక్రాంతి దగ్గర పడుతోంది. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖపట్నంలో వీధులకు వీధులు తాళాలు వేసుకుని ఊళ్లకు బయలుదేరే రోజులివి. బంగారం ఇంట్లో వదిలి వెళ్లకండి, ఊరెళ్తుంటే స్టేషన్‌లో ఒక మాట చెప్పి వెళ్లండి అని పోలీసులు ఏటా చెబుతూనే ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులు ఎల్.హెచ్.ఎం.ఎస్. అనే ఏర్పాటు కూడా తెచ్చారు. ఇంటికి తాళం వేసి వెళ్తున్నామని ముందుగా కోరిన వారి ఇంట్లో కెమెరా పెట్టి కనిపెట్టి ఉండే పద్ధతి అది.

ఇవి కాక ఈమధ్య చాలా ఇళ్లలో ఇంకో వస్తువు చేరింది. వైర్లు లేని దొంగల అలారం. గోడకు ఒక తెల్లటి పెట్టె, దాని మీద అంకెల మీటలు, తలుపులకు చిన్న బిళ్లలు, గది మూలన ఒక కన్ను, ఎక్కడో పైన సైరన్. కొన్నవాళ్లు చాలామందే. ఊరెళ్లేటప్పుడు దాన్ని పెట్టి వెళ్లేవాళ్లు ఎంతమంది అని మాత్రం అడక్కండి. "అర్ధరాత్రి ఊరికే మోగింది సార్. పక్కింటివాళ్లు కోప్పడ్డారు. తీసి పక్కన పెట్టేశాం" అంటారు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పినవాణ్ని. అందుకని తెలిసినవాళ్లు ఆ పెట్టె గొడవ నా దగ్గరికి తెస్తుంటారు. వెళ్లి చూస్తే చాలాసార్లు పెట్టెలో ఏ లోపమూ ఉండదు. సెట్టింగులు మాత్రం ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చాయో అలాగే ఉంటాయి.

అందుకే ఈ పూట ఒకే ఒక్క విషయం చెబుతాను. కీప్యాడ్ మీద వేలు పెట్టకముందే మీ ఇంటి నడక కాగితం మీద రాసుకోండి. ఇంటి నడక అంటే? మీ ఇంట్లో ఎవరు, ఏ గుమ్మంలోంచి, ఏ వేళప్పుడు తిరుగుతారు, ఎంతసేపట్లో తిరుగుతారు అన్నది. అది రాసుకుంటే కీప్యాడ్ పని అరగంట. రాసుకోకపోతే ఎన్ని మీటలు నొక్కినా అర్ధరాత్రి మోత తప్పదు.

ముందు ఆ పెట్టె సంగతి రెండు మాటల్లో చెబుతాను. 1853లో అమెరికాలో, బోస్టన్ దగ్గర, అగస్టస్ పోప్ అనే ఆయన కరెంటుతో పనిచేసే దొంగల గంటకు పేటెంటు తీసుకున్నాడు. తలుపో కిటికీయో తెరిస్తే రెండు లోహపు ముక్కలు కలుస్తాయి, గంట మోగుతుంది. దొంగ కంగారుపడి తలుపు మళ్లీ మూసినా గంట ఆగదు. అంతే యంత్రం. దానికి సెట్టింగులు లేవు, కోడ్‌లు లేవు. తలుపు తీసింది ఇంటి యజమానా, దొంగా అన్నది దానికి పట్టదు.

మన పెట్టెకూ అది తెలియదు. ఆ మాట గుర్తుంచుకోండి. దానికి తలుపులు తెలుసు. మనుషులు తెలియరు. మనుషుల సంగతి మనమే సెట్టింగుల రూపంలో చెప్పాలి.

తలుపు బిళ్లలు రెండు ముక్కలుగా ఉంటాయి. తలుపు రెక్కకు అయస్కాంతం. ద్వారబంధానికి సెన్సర్. అయస్కాంతం దూరమవగానే సెన్సర్ గాలిలో ఒక నంబరు పంపుతుంది. ప్రతి సెన్సర్‌కూ తన నంబరు వేరే. చవక రకాల్లో ఎక్కువగా వాడే చిప్‌లో ఈ నంబరు 20 బిట్లు. అంటే 10 లక్షల 48 వేల పైచిలుకు నంబర్లు. కాబట్టి పక్కింటి సెన్సర్ నంబరూ మీ ఇంటి సెన్సర్ నంబరూ ఒకటయ్యే అవకాశం దాదాపు లేదు.

కొత్త సెన్సర్ కొన్నప్పుడు దాన్ని పెట్టెకు పరిచయం చెయ్యాలి. బడిలో కొత్తగా చేరిన పిల్లవాడి పేరు హాజరు పట్టీలో ఎక్కించినట్టు. పట్టీలో పేరు లేనివాడు ఎంత గట్టిగా "హాజర్" అన్నా మాస్టారు పట్టించుకోరు కదా. ఇదీ అంతే. చాలా పెట్టెల్లో కీప్యాడ్ మీద ప్రోగ్రామింగ్‌లోకి వెళ్లి, ఆ చోటికి కేటాయించిన జోన్ నంబరు నొక్కి, ఆ తలుపు ఒకసారి తెరిస్తే చాలు. బీప్ వస్తుంది. పేరు ఎక్కింది.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. పేరు ఎక్కించాక ప్రోగ్రామింగ్‌లోంచి బయటికి రావాలి. చాలామంది ఇది మరిచిపోతారు. ప్రోగ్రామింగ్‌లో ఉన్నంతసేపూ పెట్టె కాపలా కాయదు. కొన్ని పెట్టెలు కాసేపు చూసి వాటంతట అవే బయటికి వస్తాయి. కొన్ని రావు. మీది ఏ రకమో దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం పారెయ్యకండి.

సరే, ఇక ఇంటి నడకకు వద్దాం.

ఒక ఇల్లు అనుకుందాం. గుంటూరులో డాబా ఇల్లు. ముందు వీధి గుమ్మం. వెనక పెరటి గుమ్మం. హాల్లోంచి మేడ మీదికి మెట్లు, మెట్ల చివర ఇంకో తలుపు. ఇంట్లో మామ్మగారు, కొడుకు, కోడలు, ఇంటర్ చదివే మనవడు. కొడుక్కి మందుల షాపు ఉంది. షాపు మూసి ఇంటికి వచ్చేసరికి రాత్రి పదకొండు. మామ్మగారు తెల్లవారుజామున అయిదు కాకముందే లేస్తారు. పెరటి తలుపు తీసి తులసికోట దగ్గరికి వెళ్తారు. మనవడు రాత్రి ఒంటిగంటకు ఫ్రిజ్‌లో ఏముందో చూడటానికి వంటింట్లోకి వెళ్తాడు. పనమ్మాయి ఆరున్నరకు పెరటివైపు నుంచి వస్తుంది.

ఇప్పుడు చెప్పండి. ఈ ఇంటికి ఫ్యాక్టరీ సెట్టింగులు సరిపోతాయా? ఫ్యాక్టరీవాళ్లకు మామ్మగారి తులసికోట సంగతి తెలియదు కదా.

ఈ నడకను పెట్టెకు ఎలా చెప్పాలి? దానికి జోన్ రకాలు అని ఉంటాయి. జోన్ అంటే ఒక సెన్సర్ కాపలా కాసే చోటు. రకం అంటే, ఆ చోట అలికిడి అయినప్పుడు పెట్టె ఏం చెయ్యాలి అన్నది. పుస్తకంలో ఏ పేరుతో ఉన్నా, మీకు కావలసినవి కొన్నే.

వీధి గుమ్మానికి గడువు ఇవ్వాలి. తలుపు తెరవగానే సైరన్ మోగకూడదు. కొడుకు లోపలికి వచ్చి, కీప్యాడ్ దగ్గరికి నడిచి, కోడ్ కొట్టేదాకా పెట్టె ఆగాలి. ఈలోపు కోడ్ పడకపోతే అప్పుడు మోగాలి.

మేడ మీది తలుపుకు గడువు వద్దు. రాత్రిపూట ఆ తలుపులోంచి వచ్చే చుట్టం ఎవరూ ఉండరు. అది తెరిచిన మరుక్షణం మోగాలి. వంటింట్లో గ్యాస్ లీక్ సెన్సర్ ఉంటే దానికి ఇరవైనాలుగు గంటల రకం పెట్టాలి. అంటే అలారం పెట్టినా పెట్టకపోయినా అది మోగాల్సిందే.

ఇక హాల్లో ఉన్న కన్ను. మనిషి కదలికను కనిపెట్టేది. చాలా ఇళ్లలో గొడవంతా ఇక్కడే. వినండి. కొడుకు వీధి గుమ్మం తెరిచాడు. గుమ్మానికి 30 సెకన్ల గడువు ఉంది. మంచిదే. కానీ కీప్యాడ్ హాలు అవతలి గోడకు ఉంది. అక్కడికి వెళ్లాలంటే హాలు దాటాలి. హాల్లో కన్నుకేమో గడువు లేదు. రెండడుగులు వేశాడో లేదో సైరన్ కుయ్యోమంది. సొంత ఇంటి యజమాని దొంగలా నిలబడ్డాడు. "నా కోడ్ పనిచెయ్యట్లేదు" అని ఆయన ఫిర్యాదు. కోడ్ కొట్టే అవకాశమే రాలేదు ఆయనకు!

దీనికి మందు పెట్టెలోనే ఉంది. ఆ కన్నును గుమ్మం వెంట నడిచే రకంగా పెట్టాలి. అంటే, గుమ్మం ముందు తెరిచి, తర్వాత హాల్లో కదలిక వస్తే, గుమ్మానికిచ్చిన గడువే హాలుకూ వర్తిస్తుంది. గుమ్మం తెరవకుండా హాల్లో కదలిక వస్తే, అంటే కిటికీ ఊచలు వంచి ఎవరో దిగితే, వెంటనే మోగుతుంది. ఈ రకం మీ పెట్టెలో లేకపోతే కీప్యాడ్‌నే గుమ్మం పక్కకు, ఆ కన్నుకు కనబడని చోటికి మార్చండి. వైర్లు లేని కీప్యాడ్ అయితే రెండు స్క్రూల పని.

రాత్రి నిద్రపోయేటప్పుడు మాత్రం ఇంట్లో ఉన్నప్పటి అలారం పెట్టాలి. ఊరెళ్లేటప్పటిది పెట్టకూడదు. రెండింటికీ వేరే మీటలు ఉంటాయి. ఇంట్లో ఉన్నప్పటి దానిలో తలుపులు మాత్రమే కాపలా. హాల్లో కన్ను నిద్రపోతుంది. మనవడు ఫ్రిజ్ దగ్గరికి నిక్షేపంగా వెళ్లొచ్చు.

మరి మామ్మగారి పెరటి తలుపు? కొన్ని పెట్టెల్లో వేళ పెట్టుకునే సౌకర్యం ఉంటుంది. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం దానంతటదే తీసేస్తుంది. నాకు అది నచ్చదు. అంతా గాఢంగా నిద్రపోయే వేళకు కాపలా ఎత్తేస్తామా? పైగా మామ్మగారు ఒంట్లో బాగాలేక లేవని రోజున తలుపు కాపలా లేకుండానే తెల్లవారుతుంది. ఆవిడ మంచం పక్కన మేకుకు ఒక చిన్న రిమోట్ తగిలించండి. తాళాలగుత్తికి తగిలించుకునేంత ఉంటుంది. లేవగానే ఒక మీట. అదే రిమోట్ మీద అత్యవసర మీట కూడా ఉంటుంది. పెరట్లో కాలు జారినా అది నొక్కొచ్చు. ఆ మీట ఏదో ఆవిడకు చూపించి, ఒకసారి ఆవిడ చేతనే నొక్కించండి.

ఇప్పుడు గడువు ఎన్ని సెకన్లు పెట్టాలి? దీనికి కొలత మీ ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి. గడియారం చూస్తూ మామ్మగారిని వీధి గుమ్మం నుంచి కీప్యాడ్ దాకా నడవమనండి. చెప్పులు విడవాలి, చేతిలో సంచీ కింద పెట్టాలి, కళ్లజోడు సర్దుకోవాలి, మీటలు వెతుక్కోవాలి. అదంతా కలిపి లెక్క. దానికి ఇంకో పది సెకన్లు కలపండి. తప్పుడు మోతలు తగ్గించడానికి అమెరికాలో అలారం కంపెనీలు రాసుకున్న ప్రమాణం ఒకటి ఉంది. లోపలికి వచ్చే గడువు 30 సెకన్లకు, బయటికి వెళ్లే గడువు 45 సెకన్లకు తగ్గకూడదని దాని లెక్క. బయటికి వెళ్లేటప్పుడు ఎక్కువ ఎందుకంటే, మనం అలారం పెట్టాక గొడుగు మరిచిపోతాం, గ్యాస్ కట్టేశామా అని చూసివస్తాం. దొంగకు సమయం దొరుకుతుందని భయపడి కొందరు పది సెకన్లు పెడతారు. అలా పెడితే రోజూ మోగేది మనకే. వారం తిరిగేసరికి అలారం పెట్టడమే మానేస్తారు.

అదే మాట మళ్లీ చెబుతున్నాను. మీ ఇంటి నడక కాగితం మీద రాసుకున్నాకే కీప్యాడ్ ముట్టుకోండి.

ఇప్పుడు కోడ్‌ల సంగతి. నాలుగంకెల కోడ్ అంటే సున్నా సున్నా సున్నా సున్నా నుంచి తొమ్మిది తొమ్మిది తొమ్మిది తొమ్మిది వరకు, మొత్తం 10 వేలు. ఇన్ని ఉన్నా మనం ఏది ఎంచుకుంటామో తెలుసా? 2012లో నిక్ బెర్రీ అనే విశ్లేషకుడు, బయటపడిపోయిన సుమారు 34 లక్షల నాలుగంకెల పాస్‌వర్డ్‌లు లెక్క తీశాడు. పదిమందిలో ఒకరికి పైగా పెట్టుకున్నది ఒకటి రెండు మూడు నాలుగు. ఆ తర్వాతవి నాలుగు ఒకట్లు, నాలుగు సున్నాలు. పుట్టిన సంవత్సరాలూ ఎక్కువే. మన దగ్గర ఇంకోటి ఉంది, బండి నంబరు. దొంగ మీ ఇంటి ముందు నిలబడితే ఎదురుగా కనిపించేది అదే!

కీప్యాడ్‌లో కోడ్‌లు ఒకటి కాదు. ఫిట్ చేసినవాడి కోడ్ ఒకటి. దాంతో జోన్లు, గడువులు, అన్నీ మార్చొచ్చు. ఇంటి పెద్ద కోడ్ ఒకటి. దాంతో మిగిలినవాళ్ల కోడ్‌లు పెట్టొచ్చు, తియ్యొచ్చు. మిగిలినవి ఇంట్లోవాళ్ల కోడ్‌లు. వాటితో అలారం పెట్టడం, తియ్యడం, అంతే. చాలా ఇళ్లలో ఇంటి పెద్ద కోడ్ మారుస్తారు. ఫిట్ చేసినవాడి కోడ్ మాత్రం ఫ్యాక్టరీదే ఉండిపోతుంది. ఆ కోడ్ పుస్తకంలో అచ్చువేసి ఉంటుంది. అదే పుస్తకం ఆ మోడల్ కొన్న ప్రతివాళ్ల దగ్గరా ఉంటుంది. కాబట్టి పని అయిపోయాక, డబ్బు చేతిలో పెట్టేముందు, టెక్నీషియన్‌ను మర్యాదగా అడగండి. "బాబూ, మీ కోడ్ కూడా మార్చి మాకు రాసివ్వండి" అని. మంచివాడైతే ఏమీ అనుకోడు.

ఇంట్లో ప్రతి మనిషికీ వేరే కోడ్ ఇవ్వండి. అందరికీ ఒకటే ఉంటే, పనమ్మాయి మానేసినప్పుడు అందరిదీ మార్చాలి. ఎవరిది వారికి ఉంటే ఆ ఒక్కటి తీసేస్తే చాలు. లాగ్ ఉన్న పెట్టె అయితే ఎవరు ఎన్నింటికి తీశారో కూడా తెలుస్తుంది. మనవడికి ఈ సంగతి ముందే చెప్పండి, తర్వాత తగాదా లేకుండా.

ఇంకో కోడ్ ఉంటుంది కొన్నింటిలో. బెదిరింపు కోడ్. ఎవరో కత్తి చూపించి "అలారం తియ్యి" అంటే కొట్టే కోడ్ అది. అలారం తీసినట్టే ఉంటుంది, సైరన్ మోగదు. కానీ మీరు పెట్టుకున్న ఫోన్లకు రహస్యంగా కబురు వెళ్తుంది. ఉపయోగమే. అయితే దీన్ని మీ మామూలు కోడ్‌కు చివరి అంకె మార్చి పెట్టకండి. తొందరలో వేలు జారి రోజూ అదే కొడతారు. చుట్టాలందరూ పరిగెత్తుకొస్తారు.

ఒక చిన్న మాట. అంకెల మీద తెల్లబడిన మరకలు చూసి కూడా కోడ్ ఊహించొచ్చు. నాలుగు మీటలే అరిగి ఉంటే వాటి కలయికలు 24 మాత్రమే. ఏడాదికోసారి కోడ్ మార్చండి. మీటలు తుడవండి.

ఇక ఆ కన్ను సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే మన ఇళ్లలో, మన ఎండల్లో, దాని కష్టాలు దానికి ఉన్నాయి.

అది మనిషిని చూడదు. వేడిని చూస్తుంది. దాని ముందున్న పాల రంగు ప్లాస్టిక్ బిళ్ల గదిని విసనకర్ర మడతల్లా భాగాలు చేస్తుంది. వెచ్చని వస్తువు ఒక భాగంలోంచి ఇంకో భాగంలోకి కదిలితే గుర్తిస్తుంది. అందుకే దాని ముందు అడ్డంగా నడిచేవాణ్ని బాగా పట్టుకుంటుంది. దానికేసి తిన్నగా నడిచి వచ్చేవాణ్ని ఆలస్యంగా పట్టుకుంటుంది. కాబట్టి గుమ్మానికి ఎదురుగా పెట్టకండి. గది మూలన, ఏడెనిమిది అడుగుల ఎత్తున, లోపలికి వచ్చేవాడు దాని ముందు అడ్డంగా నడిచేలా పెట్టండి. గాజు వెనకనుంచి అది చూడలేదు. ఎండ నేరుగా పడే కిటికీ వైపు తిప్పకండి. ఫ్యాన్ గాలికి ఊగే కర్టెన్ దగ్గర వద్దు.

బల్లి. ఆ పేరు ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండదు గానీ, మన దగ్గర అర్ధరాత్రి మోతలో దాని వాటా చిన్నది కాదు. ఆ సెన్సర్ మీదికే ఎక్కి బిళ్ల మీద పాకితే, అంత దగ్గరలో, కన్నుకు అది పెద్ద కదలికే. సాలెపురుగు గూడు కట్టినా అంతే. నెలకోసారి పొడిగుడ్డతో తుడవండి. గోడకూ సెన్సర్‌కూ మధ్య సందులు మూయించండి. చాలా సెన్సర్ల లోపల ఒక చిన్న జంపర్ ఉంటుంది. ఒక్క కదలికకే మోగాలా, రెండు కదలికలు లెక్కపెట్టి మోగాలా అని దానితో ఎంచుకోవచ్చు. రెండు మీద పెడితే బల్లి గోల తగ్గుతుంది.

కానీ మే నెల వచ్చిందనుకోండి. రెంటచింతలలోనో, రామగుండంలోనో, మూసేసిన ఇంట్లో గది వేడి మన ఒంటి వేడికి దగ్గరికి వస్తుంది. గోడ ఎంత వెచ్చనో మనిషీ అంతే వెచ్చన. అప్పుడు ఆ కన్నుకు మనిషికీ గోడకూ తేడా సరిగ్గా కనబడదు. చలికాలంలో బల్లికి కూడా మోగిన సెన్సర్, ఎండాకాలంలో మనిషికీ మోగకపోవచ్చు. వేడిని బట్టి సర్దుకునే సెన్సర్లు ఉన్నాయి. కొనేటప్పుడు అడగండి. ఏదున్నా సరే, ఎండాకాలంలో కన్నును నమ్ముకుని తలుపు బిళ్లలు మానెయ్యకండి. అయస్కాంతానికి ఎండతో పని లేదు.

తలుపు బిళ్లలకు వేరే చిక్కు ఉంది. రెండు ముక్కల మధ్య ఖాళీ ఒక సెంటీమీటరు మించకుండా చూసుకోండి. వానాకాలంలో చెక్క తలుపు ఉబ్బుతుంది. గొళ్లెం వదులుగా ఉంటే గాలికి తలుపు అటూ ఇటూ కొట్టుకుంటుంది. రెండూ మోతకు దారులే. ముందు వడ్రంగిని పిలవండి. సెట్టింగులు తర్వాత. ఇనప తలుపైతే అయస్కాంతం బలం ఇనుములోకి పోతుంది, కింద చెక్కముక్కో ప్లాస్టిక్ ముక్కో వేసి బిగించాలి. పెట్టెను ఇనప బీరువా వెనక దాచకండి. దొంగకు కనబడదు నిజమే. సెన్సర్ల మాట కూడా దానికి వినబడదు.

చవక సెన్సర్లకు ఇంకో స్వభావం ఉంది. తలుపు తెరిచిన క్షణం చెబుతాయి, అంతే. తలుపు తెరిచే ఉందని చెప్పవు. బ్యాటరీ అయిపోయినా చెప్పవు. కాబట్టి కిటికీ తెరిచి ఉంచి అలారం పెట్టినా పెట్టె నోరెత్తదు. బీప్ వచ్చింది కదా అని మీరు వెళ్లిపోతారు. మంచి రకాల్లో సెన్సర్ ఉండుండి పెట్టెతో మాట్లాడుతుంది. మాట రాకపోతే పెట్టె మీకు చెబుతుంది. ఆ సౌకర్యం ఉంటే ఆ సెట్టింగు ఆన్ చేయించండి. లేకపోతే నెలకోసారి ప్రతి తలుపూ తెరిచి చూడాల్సిందే.

ఇప్పుడు ఫోను. చాలా పెట్టెల్లో సిమ్ వేస్తారు. దొంగ పడితే మీ నంబర్లకు ఫోన్ చేస్తుంది, మెసేజ్ పంపుతుంది. ఇక్కడ మనవాళ్లు పడే ఇబ్బంది ఒకటుంది. చవక పెట్టెలు చాలావరకు 2జీ సిమ్‌తోనే పనిచేస్తాయి. జియో 2016లో మొదలైనప్పటి నుంచీ దానికి 2జీ లేదు. అందువల్ల ఆ పెట్టెలో జియో సిమ్ వేస్తే సిగ్నల్ రాదు. పెట్టె పాడైందనుకుంటారు. 2జీ ఉన్న కంపెనీ సిమ్ వెయ్యండి, లేదా 4జీ పెట్టే కొనండి. సిమ్‌కు పిన్ లాక్ ఉంటే ముందు తీసెయ్యండి. రీచార్జ్ గడువు క్యాలెండర్‌లో రాసుకోండి. ఆ సిమ్ ఎవరూ మాట్లాడని సిమ్. అందుకే దాని రీచార్జ్ ఎవరికీ గుర్తుండదు. సంక్రాంతికి ముందు రోజు అయిపోయి ఉంటుంది.

ఫోన్ నంబర్ల వరుసలో మొదటిది ఎవరిది? చాలామంది ఇంటి యజమాని నంబరు పెడతారు. ఆయనేమో భీమవరంలో కోడిపందేల దగ్గర ఉంటాడు. ఆ గోలలో ఫోన్ వినబడదు. వినబడినా అక్కడినుంచి చెయ్యగలిగేది ఏముంది? మొదటి నంబరు, అయిదు నిమిషాల్లో మీ గుమ్మం ముందుకు రాగలిగిన మనిషిది అయి ఉండాలి. పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు, అదే వీధిలో ఉండే బావగారు. తర్వాత మీది. పోలీసుల 112 నంబరు ఈ వరుసలో పెట్టకండి. బల్లి మోగించినా దానికే ఫోన్ వెళ్తుంది. ఎవరో ఒక మనిషి దూరం నుంచి చూసి, నిజమేనని తెలిశాక ఆ ఫోన్ చెయ్యాలి. దొంగ లేడని తేలేదాకా లోపలికి మాత్రం వెళ్లొద్దని ఆ మనిషికి గట్టిగా చెప్పండి.

అబ్బాయి అమెరికాలో ఉంటే అతని నంబరు పెట్టొచ్చా? మన అర్ధరాత్రి డాలస్‌లో మధ్యాహ్నం. మెలకువగానే ఉంటాడు. కానీ మామూలు ప్రీపెయిడ్ సిమ్ నుంచి విదేశానికి ఫోన్ వెళ్లాలంటే దానికి వేరే ప్యాకో బ్యాలెన్సో వెయ్యాలి. అతని కోసమైతే వైఫైతో యాప్‌కు కబురు పంపే రకం మేలు. దానికీ వీధిలో కరెంటు, ఇంట్లో నెట్ ఉండాలి.

కరెంటు అంటే గుర్తొచ్చింది. ఊరెళ్లేటప్పుడు మనవాళ్లు మెయిన్ ఆపేసి వెళ్తారు. మంచి అలవాటే. కానీ అలారం పెట్టెలో ఉన్న బ్యాటరీ కొన్ని గంటలదే. మెయిన్ ఆపి వెళ్తే మర్నాటికి ఆ ఇంటికి కాపలా లేదు. ఎలక్ట్రీషియన్‌తో చెప్పి అలారం పెట్టెకు, వైఫై రూటర్‌కు వేరే లైను ఇప్పించుకోండి. మిగిలినవి ఆపెయ్యండి, ఆ ఒక్కటి ఉంచండి.

అలారం సిమ్ నంబరును అందరి ఫోన్లలో "మా ఇంటి అలారం" అని పేరు పెట్టి దాచండి. తెలియని నంబరు అర్ధరాత్రి వస్తే ఎవరూ ఎత్తరు. పెట్టె మెసేజ్‌లో "జోన్ 3" అని వస్తుంది. మూడంటే ఏ తలుపో మీ ఇంటి నడక కాగితం మీదే రాసి పెట్టుకోండి. ఆ కాగితం ఫోటో తీసి పక్కింటివాళ్లకు పంపండి. కోడ్‌లు మాత్రం ఆ కాగితం మీద రాయకండి.

ఇవన్నీ పెట్టాక, ప్రయాణానికి ముందు ఒక సాయంత్రం, పక్కింటివాళ్లకు చెప్పి, ఇల్లంతా ఒకసారి పరీక్ష చెయ్యండి. నిజంగా ఊరెళ్తున్నట్టే తాళం వేసి, అలారం పెట్టి, బయట అయిదు నిమిషాలు నిలబడండి. ఒక్కో గుమ్మం తెరిచి చూడండి. కన్ను దగ్గర పరీక్ష చేసేటప్పుడు తొందరపడకండి. బ్యాటరీ ఆదా కోసం అది ఒకసారి కబురు పంపాక రెండు మూడు నిమిషాలు ఊరుకుంటుంది. ఈలోపు దాని ముందు ఎన్నిసార్లు నడిచినా పలకదు. పాడైందనుకోవద్దు. సైరన్ ఎంతసేపు మోగాలో కూడా అప్పుడే చూసుకోండి. మూడు నాలుగు నిమిషాలు చాలు. మీరు లేని ఊళ్లో అరగంట మోగితే దొంగ కంటే ముందు వీధివాళ్లే మీ మీద కేసు పెడతారు.

దొంగ లేడని తేలాక సైరన్ ఆపడానికి పక్కింటివాళ్లకు ఒక కోడ్ ఇచ్చి వెళ్లండి. మీ కోడ్ కాదు, వాళ్ల కోసం కొత్తది. పండగ అయి తిరిగి వచ్చాక ఆ కోడ్ తీసెయ్యండి. తీసేశామని వాళ్లతో చెప్పండి కూడా. ఊరినుంచి తెచ్చిన అరిసెలు ఇస్తూ చెబితే ఎవరూ ఏమీ అనుకోరు.